చీలిక కాడ మూడు రాళ్ళు

రాయి రాయే కదా, కొండ నిండా రాళ్ళే కదా, అందులో మూడు ఇటు నుంచి అటు పోతే ఎవరికి ఏమవుతుంది అని ఆదెమ్మ తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. చేతులు మాత్రం ఆ మాట వినడం లేదు. ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని నలుపుకుంటున్నాయి. కొండ కొన మీద, దేవుడు చీల్చుకుని వెలిశాడనే ఉగ్రస్తంభం మొదట్లో పసుపూ కుంకుమా పూసిన బండకు వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, కిందికి దిగే దారి ఎక్కడ రాళ్ళ సందులోకి మాయమవుతుందో అక్కడే చూపు నిలిపి కూర్చుంది. గాలి ఓణీని లాగుతోంది. చిన్నత్త జానకమ్మ బండను రెండు చేతులా కావలించుకుని కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. మామ లక్ష్మీనారాయణ బూట్లు విప్పి పాదాలు గాలికి పెట్టి, అదిగో ఆళ్లగడ్డ, అదిగో ఆ సన్నగా మెరిసేది కాలువ, ఇంకా అటు పోతే మా నంద్యాల అని ఎవరూ అడగకుండానే చూపిస్తున్నాడు. ఆదీ, ఇటు చూడమ్మే, మళ్ళీ ఎప్పుడొస్తావో ఏమో అన్నాడు. ఊఁ అంది ఆదెమ్మ, తల తిప్పకుండానే. తల తిప్పితే ఆ కాసేపట్లో నాయనా, ఆయనను కన్న జేజీ ఆ సందులోంచి పైకొచ్చేస్తారేమో, తను చూడకపోతే మళ్ళీ కిందికి పోతారేమో అన్నట్టు పట్టిపట్టి చూస్తోంది.

ఇంతసేపూ బాగానే ఉంది. ఎక్కేటప్పుడు ఆయాసం ఉంది, భయం లేదు. చివరి బండల మీద చెంచు ఓబులేసు చెయ్యందిస్తే ఆ గరుకు చెయ్యి పట్టుకుని పైకొచ్చినప్పుడు గుండె తేలికగా ఎగిరింది కూడా. మామ నీళ్ళ చెంబు ఎత్తిపట్టి తాగుతుంటే చిన్నత్త కిందికి చూసి, అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అన్నకేమో ఈ కొండ కొత్త, దోవ తప్పరు గదా ఓబులేసూ అని అడిగింది. అప్పుడన్నాడు ఓబులేసు, చుట్ట వెలిగించుకుంటూ, చాలా మామూలుగా.

"యాడికి పోతారమ్మా. దావ చీలేది ఒక్క తావులోనే. ఆడ మూడు రాళ్ళు పెట్టొచ్చినా. కింద ఏటి గుండం కాడనే అన్నకు చెప్పినా, మూడు రాళ్ళుండే దావన రాండి అని."

ఆ మాట విన్నప్పటి నుంచే చేతులు ఇట్లా అయిపోయాయి.

గుండం కాడ అతను నాయనతో ఆ మాట చెబుతున్నప్పుడు తనెక్కడుంది? ఏట్లో దిగి చెంబు నింపుతోంది. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే పాదాల్లో ఎముకలు తెలిశాయి. జేజి గట్టున కూర్చుని మోకాళ్ళకు ఆముదం రుద్దుకుంటూ, మీరు ముందు పోండి, నేను నా కొడుకూ నిదానంగా వస్తాం, పైన రాళ్ళ మీద ఆడోళ్ళకు చెయ్యందించే మనిషి కావాల, ఓబులేసు మీతోనే రావాల అని తీర్పు చెప్పింది. జేజి చెప్పాక ఇంక మాట ఉండదు. ముందు పోయేవాళ్ళను ఎక్కించి ఓబులేసు మళ్ళీ బండల దాకా దిగొచ్చి జేజిని ఎక్కించాలని ఏర్పాటు. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి, ఆ మూడు రాళ్ళు తప్ప.

కానీ అవి గుర్తుగా పెట్టినవని ఎట్లా తెలుస్తుంది ఎవరికైనా? కుడి దారి మొదట్లో ఒకదాని పక్కన ఒకటి నేల మీద పడి ఉన్నాయి, పలకల్లాగా, నున్నగా, ఏట్లోంచి తెచ్చినట్టు. ఓబులేసు పెట్టడం తను చూడనే లేదు. చీలిక దగ్గర చిన్నత్త కాలిలో ముల్లు విరిగి, ఓబులేసు దాన్ని తీసి, అందరూ కుడి పక్క దారిలో పైకి పోయారు. ఆదెమ్మ ఎప్పుడూ వెనకే కదా. ఇంట్లో అన్నానికి కూర్చున్నా వెనకే, బండిలో వెనకే, బడిలో గోడ పక్క. వెనకుండే వాళ్ళను ఎవరూ చూడరు, అదొక్కటే సుఖం. అందరి వీపులూ పొదల్లో మాయమయ్యాక ఆ రాళ్ళు కనపడ్డాయి, ఇంత మంచి రాళ్ళు ఇంతవరకూ దొరకలేదనిపించింది. ఎగువ గుడి దాటినప్పటి నుంచీ దారి పొడుగునా చూస్తూనే ఉంది, చెట్ల మొదళ్ళలో, బండల మీద, ఎక్కడ కాస్త చదును దొరికితే అక్కడ, రాయి మీద రాయి పేర్చి వదిలేసినవి. ఇల్లు కావాలని మొక్కుకునే వాళ్ళు అట్లా పేరుస్తారని జేజి నిన్న బండిలో చెప్పింది. దేవుడు కొండ దిగేటప్పుడు చూస్తాడంట, ఎవరి ఇల్లు వాళ్ళకు కట్టిస్తాడంట. ఇల్లు కాకుండా వేరేది అడిగితే చూస్తాడా చూడడా అని ఆదెమ్మ అడగలేదు. అడిగితే, నీకేం కావాలే అంటుంది జేజి.

ఎడమ పక్క దారి వెదురు కొట్టేవాళ్ళదని, కొంత దూరం బండి దావ మాదిరి ఉంటుందని, ఆ పైన లోయేనని, ఆ పక్క ఎవరూ పోరని ఓబులేసు ముల్లు తీస్తూనే చెప్పాడు. అది మాత్రం చెవిన పడింది. ఎవరూ పోరు కాబట్టే అక్కడ పెట్టింది. ఎవరూ చూడరు, ఎవరూ తన్నేయరు, ఎవరిదీ అని అడగరు. దారి మొదట్లో నడుమెత్తు బండ ఉంది. దాని మీద నిలబడితే చెట్ల సందులోంచి పడమరగా మైదానం కనిపిస్తుంది, నంద్యాల అటే ఉండాలి. ఆ మూడు రాళ్ళనూ ఓణీలో పెట్టుకుని పోయి, పెద్దది కింద, దాని మీద మధ్యది, దాని మీద చిన్నది, కదలకుండా, గాలికి పడకుండా పేర్చింది. పేర్చి కళ్ళు మూసుకుంది. నంద్యాల హైస్కూలు అని పెదవులతో అన్నది, గొంతుతో కాదు. అంతే. అంత సేపు కూడా పట్టలేదు. పరుగెత్తి వాళ్ళను కలుసుకుంది, వెనకబడినట్టు కూడా ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఆ దారి మొదట్లో, నడుమెత్తులో, ఎంత దూరం నుంచైనా కనపడేట్టు మూడు రాళ్ళున్నాయి. కుడి పక్క దారిలో ఏమీ లేదు.

నాయన చూస్తాడు. మూడు రాళ్ళుండే దావన రమ్మన్నాడు, అదిగో మూడు రాళ్ళు అంటాడు. ఇంకొకరైతే ఇటూ అటూ చూసి, అడుగుల జాడ వెతికి, పైకి పోవలసిన వాళ్ళం కదా ఈ దారి చదునుగా పోతోందేమని అనుమానపడతారు. నాయన పడడు. ఆదెమ్మ నాయన చెన్నకేశవులుకు ఒకసారి ఒక మాట చెబితే చెప్పినట్టు చేయడమే తెలుసు. ఒక ఏడు చాగలమర్రికి పెండ్లికి పోతూ, చింతచెట్టు కాడ తిరగమన్నారని చింతచెట్టు కాడ తిరిగాడు. అది ఆ చింతచెట్టు కాదు. ఎదురుగా మనుషులు వస్తున్నా అడగలేదు, తెల్లారేదాకా బండి తోలుతూనే ఉన్నాడు, పెండ్లికి పోయేసరికి అప్పగింతలు. పసివాడితో ఇంటికాడే ఆగిపోయిన అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్విస్తుంది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే ఆదెమ్మకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ చింతచెట్టు వెనక లోయ లేదు.

జేజి అయితే మరీ. జేజికి ఒక కంట్లో పొర. రెండోది సాయంత్రానికి మసకబారుతుంది. నాయన తుండుగుడ్డ కొస పట్టుకుని నడుస్తూ ఉంటుంది, ముందు ఏముందో ఆమెకు నాయన వీపే. చదును దారి అనగానే సంతోషపడి ఉంటుంది కూడా, దేవుడు నా మోకాళ్ళను చూసి దావ సాపు చేసినాడు రా అని ఉంటుంది. అంటుంది. ఆ గొంతు కూడా వినపడింది ఆదెమ్మకు, అంత స్పష్టంగా. ఓబుళమ్మ అని కొండ దేవుడి పేరు పెట్టుకుని, ఏటా ఎగువకు వచ్చి, ఒక్కసారి కూడా స్తంభం దాకా ఎక్కలేదు జేజి. ఒక ఏడు చంకలో నాయన, ఒక ఏడు చంకలో చిన్నత్త, ఒక ఏడు ఎవరిదో జ్వరం, ఒక ఏడు వాన. ఈసారి ఎట్లయినా ముట్టుకోవాలని మాఘం రాకముందు నుంచే అందరినీ పోరుతూనే ఉంది. ఆ జేజినే ఎడమ పక్కకు పంపింది తను. జేజిని విడిచి నంద్యాలకు పోవాలని పెట్టుకున్న రాళ్ళతో.

ఆ మాట తనకు తానే ఇంకోసారి చెప్పుకుంది. అదే కదా అర్థం. నంద్యాలకు పోవాలంటే జేజిని విడిచి పోవాలి. రాత్రుళ్ళు ఆదెమ్మ పక్కన లేకపోతే జేజికి నిద్ర పట్టదు. చెయ్యి వేసి చూసుకుంటుంది, ఉండావా అంటుంది, ఉండా జేజీ అంటేనే అటు తిరుగుతుంది. సూదిలో దారం ఎవరెక్కిస్తారు? వీపు ఎవరు గోకుతారు? ఇవన్నీ తెలిసే మొక్కుకుంది. దేవుడికి కోపం రాదా? ఎనిమిదో తరగతి అయిపోయి ఇంట్లో కూర్చున్నాక అయ్యవారు ఒకసారి వాకిట్లోకి వచ్చి, అమ్మాయి బాగా రాస్తుంది, జూన్‌లో నంద్యాలలో చేర్పించండి, మీ చెల్లెలి ఇల్లుంది కదా అంటే నాయన చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే నాయన భాషలో ఏదైనా కావచ్చు. తలుపు వెనక నిలబడి విన్న ఆదెమ్మ ఆ తర్వాత ఒక్కరోజు కూడా, ఏం చూసినావు నాయనా అని అడగలేదు. బడి తనిఖీకి పెద్దదొర వచ్చిన రోజూ అంతే, జవాబు తెలిసి తెలిసి నేల చూసింది, పక్కన పిల్ల తప్పు చెప్పి మెప్పు పొందింది.

ఇప్పుడు చెప్పాలి. ఓబులేసన్నా, ఆ రాళ్ళు ఆడ లేవు అనాలి. అంతే, చిన్న మాట. కానీ చిన్న మాట వెనక ఇంకో మాట వస్తుంది. ఎందుకు తీసినావంటారు. మొక్కుకున్నా అనాలి. ఏం మొక్కంటారు. చిన్నత్త వింటుంది, మామ వింటాడు. వాళ్ళ ఇంట్లో ఉంటానని వాళ్ళను అడగకుండా దేవుడిని అడిగింది. నంద్యాలలో వాళ్ళున్నది రెండు గదులు, వంటిల్లు వసారాలో. మా ఇంట్లో తావు యాడుందమ్మే అని చిన్నత్త నవ్వుతూ అంటే? నవ్వకుండా అంటే ఇంకా ఘోరం. ఆ నవ్వు ఇక్కడ, ఈ కొండ మీద, పారిపోవడానికి ఇల్లూ తలుపూ ఏమీ లేని చోట. వద్దు. నాయన గుర్తుపడతాడులే. పేర్చిన రాళ్ళు మొక్కు రాళ్ళని, ఎవరో ఆడమనిషి పెట్టిందని తెలుసుకుంటాడు. ఓబులేసు పేర్చి పెడతానన్నాడా, ఊరికే పెడతానన్నాడా? ఊరికే అని ఉంటే నాయన నేల మీద వెతుకుతాడు. వెతికితే దొరకవు. దొరక్కపోతే అక్కడే కూర్చుంటాడు. అది మంచిదే, కూర్చుంటే మంచిదే. ఇంకొంచెం సేపు చూద్దాం. ఆ చింతచెట్టు నీడ ఎంత దూరం వచ్చింది... చింతచెట్టు కాదు, ఇక్కడ చింతచెట్టు లేదు, అది ఏదో అడవి చెట్టు. దాని నీడ ఆ తెల్లబండను తాకేలోపల వస్తారు. తాకాక కూడా రాకపోతే చెబుతాను.

నీడ తాకింది. ఆదెమ్మ చెప్పలేదు. నీడ బండ ఎక్కింది, అప్పుడూ చెప్పలేదు. మామ కండువా తల కింద పెట్టుకుని, అత్తగారు సన్నిధికి వచ్చేసరికి సాయంత్రం హారతి వేళవుతుంది అని జోకు వేసి కళ్ళు మూసుకున్నాడు. చిన్నత్త బెల్లం ముక్క ఇచ్చింది. నోట్లో పెట్టుకుంటే మట్టిలాగా ఉంది.

అప్పుడు కింద, ఎడమ పక్క నుంచి, రాళ్ళు దొర్లిన చప్పుడు వచ్చింది. ఒకటి, దాని వెనక ఇంకొన్ని, ఆ పైన చాలా సేపు ఏమీ లేదు, ఆ పైన ఎక్కడో లోతున ఒక చిన్న టక్. కొండముచ్చులు ఒక్కసారిగా అరిచి ఊరుకున్నాయి.

ఓబులేసు చుట్ట నోట్లోంచి తీసి తల వంచి విన్నాడు. కొండముచ్చులే రాళ్ళు నూకుతాండాయి అన్నాడు. ఆదెమ్మ అప్పటికే నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"ఓబులేసన్నా, ఆ రాళ్ళు ఆడ లేవు."

"యా రాళ్ళమ్మా?"

"నువ్వు పెట్టినవి. నేను తీసినా. ఎడమ పక్క బండ మీద పేర్చినా."

ఎందుకని అడుగుతాడని ఇంతసేపూ ఎదురుచూసిన ఆ మాట అతను అడగనే లేదు. చుట్ట రాయి మీద పెట్టాడు, అంతే, బండల మీద నుంచి మేక దిగినట్టు దిగిపోయాడు. వెనక నుంచి చిన్నత్త, అయ్యో ఏం పని చేసినావే అంటోంది, మామ బూట్లు వెతుక్కుంటున్నాడు. ఆదెమ్మ ఎవరి కోసమూ ఆగలేదు. ఎక్కేటప్పుడు చెయ్యందిస్తే గానీ ఎక్కలేకపోయిన బండలను కూర్చుని జారుతూ, గోళ్ళతో పట్టుకుంటూ దిగింది. లంగా చిరిగింది, మోచెయ్యి మండింది, అవన్నీ ఇంకెవరివో. ఏం చూడాల్సి వస్తుందో అనుకోకూడదని అనుకుంటూ అదే చూసింది. తుండుగుడ్డ ఒక కొస నాయన చేతిలో, ఇంకో కొస గాలిలో. జేజి తెల్లచీర వెదురు మొదళ్ళలో. జేజీ అని పిలిచింది. ముందు గొంతులోనే, మళ్ళీ గట్టిగా, మళ్ళీ ఇంకా గట్టిగా. ఇంత గొంతు తనలో ఉందని పదిహేనేళ్ళుగా తెలియదు. లోయ ఆ పిలుపును తీసుకుని తిప్పి తిప్పి తెచ్చి ఇచ్చింది, ఎవరో వేరే పిల్ల పిలుస్తున్నట్టు.

చీలిక దగ్గర ఆ మూడు రాళ్ళూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఓబులేసు పోతూ పోతూ కాలితో ఒక్క తాపు తన్నాడు, వెనక్కి చూడలేదు. ఆదెమ్మా వాటిని చూడలేదు. దారి నిజంగానే బండి దారిలాగా వెడల్పుగా, చల్లగా, ఎవరినైనా రమ్మనేట్టు ఉంది. రెండు మలుపులు తిరిగాక వెదురు పొద మొదట్లో, కాళ్ళు చాపుకుని, కొంగుతో విసురుకుంటూ జేజి కూర్చుని ఉంది.

ఒక్కతే.

"నాయన యాడ జేజీ?"

నా మోకాళ్ళు ఇంక రావంటే, నువ్వు కూర్చో, దావ యాడికి పోతాదో చూసొస్తా అని పోయినాడని జేజి చెప్పింది. పోయి చాలా సేపయిందంట. రాళ్ళ చప్పుడు వినింది కానీ కోతులనుకున్నదంట. చెబుతూ చెబుతూ ఆదెమ్మ ముఖం వైపు తన మంచి కన్ను తిప్పింది, విసురుకోవడం ఆపేసింది.

ఓబులేసు ముందుకు పోయి, నోటికి చేతులడ్డం పెట్టి కూత వేశాడు. ఏమీ లేదు. ఇంకోసారి వేశాడు. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో ఆదెమ్మ తన బతుకంతా పోగొట్టుకుంది. ఇల్లు, వాకిలి, అమ్మ ఒళ్ళో పసివాడు, నాయన లేని దొడ్లో ఎద్దులు, ఎవరూ తనతో మాట్లాడని అన్నం వేళ. మూడోసారి కూతకు కింద నుంచి, బాగా దగ్గర్లోనే, విసుక్కున్నట్టు ఒక గొంతు, వస్తాండాలేప్పా అన్నది.

కొట్టేసిన వెదురు మొదళ్ళను పట్టుకుని పాకుతూ పైకొచ్చాడు నాయన. ఒక చెప్పు లేదు. పంచె మోకాలి దగ్గర చిరిగి ఎర్రగా ఉంది. ముఖం మీద దుమ్ము, దుమ్ము కింద రంగే లేదు. గట్టు మీదికి వచ్చి కూర్చుని, ఎవరినీ చూడకుండా ఓబులేసుకు చెప్పాడు.

"ఆడ దావ ల్యాదప్పా."

ఓబులేసు తల ఊపాడు. అంచు విరిగింటాది అన్నాడు. విరిగింది, ఆ మొద్దులు లేకుంటే పోయింటి అన్నాడు నాయన. మూడు రాళ్ళుండె గదా, మరి అని కూడా అన్నాడు, తప్పు ఎక్కడుందో నిజంగా అర్థం కాక.

"అవి నేను పెట్టినా నాయనా."

వెదురు ఆకులు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. జేజి చెయ్యి చాపి ఆదెమ్మ లంగా అంచు పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఏం మొక్కుకుంటివే?"

"నంద్యాలకు పోవాలని. ఐస్కూలుకు."

చెప్పేసింది. చెప్పాక ఏదో పగులుతుందనుకుంది, ఏదీ పగల్లేదు. జేజి చెయ్యి లంగాను విడవలేదు, దగ్గరికీ లాగలేదు. నాయన తుండుగుడ్డ చించి మోకాలికి కట్టుకుంటున్నాడు. ముడి వేయడానికి చాలా సేపు పట్టింది.

"రాళ్ళకు చెప్పినావు" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "నాకు చెప్పల్యా."

ఓబులేసు ఎండను చూశాడు. ఇంక అవ్వను పైకి తీసకపోయేంత పొద్దు లేదని, పైనున్న వాళ్ళిద్దరినీ దింపుకుని వస్తానని, అన్నా అవ్వా కదలకుండా ఇక్కడే ఉండాలని చెప్పాడు. ఆ మాటకు జేజి ఏదో అంటుందని, కొట్లాడుతుందని ఆదెమ్మ చూసింది. జేజి కొంగు సర్దుకుంది. కాళ్ళు ఒకసారి తడుముకుని, కొండ పైకి, తనకు కనపడని చోటికి ముఖం ఎత్తింది.

"స్తంభం ముట్టుకుంటివా నువ్వు?"

"ముట్టుకుంటి."

"ఎట్లుండాదే ఆడ? ఏమేం కనపడతాది? చెప్పు."

ఆదెమ్మ చెప్పబోయింది. మామ చూపించిన ఆళ్లగడ్డ, సన్నగా మెరిసే కాలువ, అన్నీ మాటలుగా ఉన్నాయి, వాటి వెనక బొమ్మ లేదు. కొండలు ఎన్ని వరసలుగా ఉన్నాయి? ఆకాశం ఏ రంగు? స్తంభం గరుకుగా ఉందా, నున్నగా ఉందా? వెతికింది. రాళ్ళ సందులో దారి మాయమయ్యే ఆ ఒక్క చోటే కనిపించింది, ప్రతి గడ్డిపోచతో సహా.

"నేను చూడల్యా జేజీ. మీరొచ్చే దావే చూస్తా కూచ్చున్యా."

జేజి ఆమె వైపు చూసింది. ఆ చూపు కోపమో కాదో ఆదెమ్మకు తెలియలేదు. అప్పుడు లంగా అంచు వదిలేసింది.

"ఇంత దూరమొచ్చి చూడల్యా. పో. ఓబులేసు ఎట్లా పోతాండాడు గదా, ఆయప్ప ఎంబడి పో. అంతా చూసి రాపో."

"నువ్వో?"

"నేను యాడికి పోతా. ఈడనే కూచ్చోనుంటా."

ఆదెమ్మ నాయన వైపు చూసింది. ఆయన కట్టు బిగించుకుంటూనే ఉన్నాడు. దూరంగా నిలబడ్డ ఓబులేసు రమ్మని తొందర పెట్టలేదు.

"నిదానంగా పో" అన్నాడు నాయన.